ముప్పది గీతలలో మానవముఖము
జాన్ లోగీ బెయిర్డ్ జీవితచరిత్ర

ఒక గదిలోనున్న మనుష్యుని ముఖమును వేరొక గదిలోని తెరపై చూపవలెనన్నచో ఆ ముఖమును ముందుగా సన్నని పేలికలుగా విభజింపవలెను. ఎన్ని పేలికలైన చూపరికి ముఖము ముఖమువలె తోచును? ముప్పది చాలునా? రెండు వందల నలుబది కావలెనా? ఇంకను పెంచినచో చూపరి కన్ను ఆ భేదమును గుర్తించునా? ఈ ప్రశ్నల నడుమ తన యౌవనమును, ఆరోగ్యమును, ధనమును వెచ్చించినవాడు జాన్ లోగీ బెయిర్డ్. టెలివిజన్ తెరపై మానవముఖమును పోల్చుకొనదగినట్లు లోకమునకు మొదట చూపిన కీర్తి అతనిది. తన చిత్రముకంటె హెచ్చు గీతలుగల చిత్రము వచ్చి ప్రక్కన నిలిచినపుడు ఓడిపోయిన దుఃఖమును అతనిదే. నేడు టెలివిజన్ కొనబోవువానిని తికమకపెట్టు అంకెలు తొంబది ఏండ్ల క్రిందట ఒక మనుష్యుని భాగ్యమును నిర్ణయించినవి. కావున అతని చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది.

బాల్యము, విద్య

బెయిర్డ్ 1888వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన స్కాట్లండులో, క్లైడ్ నది సముద్రమును చేరు ప్రాంతముననున్న హెలెన్స్‌బరో అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి రెవరెండ్ జాన్ బెయిర్డ్ ఆ ఊరి సెయింట్ బ్రైడ్స్ చర్చిలో మతాచార్యుడు. తల్లి జెస్సీ గ్లాస్గోలో ఓడలు కట్టించు సంపన్న కుటుంబమునకు చెందినది. నలుగురు బిడ్డలలో జాన్ కడగొట్టువాడు. చిన్ననాటినుండియు అతని శరీరము బలహీనము. చలి తగిలిన చాలు, పడక వేయవలసినదే. ఈ అనారోగ్యము అతనిని జీవితాంతము వీడలేదు.

శరీరము బలహీనమైనను బుద్ధి చురుకైనది. బాలుడుగానున్నపుడే తన యింటికి స్వయముగా విద్యుద్దీపములను అమర్చెను. వీధి కావలనున్న మిత్రుల యిండ్లకు తీగలు లాగి టెలిఫోను ఏర్పాటు చేసెను. ఒకనాటి గాలివానలో ఆ తీగ క్రిందికి వ్రేలాడి బండి తోలువానికి తగులగా ఆ టెలిఫోను ముచ్చట ముగిసినదని చెప్పుదురు.

లార్చ్‌ఫీల్డ్ పాఠశాలలో చదువు ముగించి అతడు గ్లాస్గోలోని సాంకేతిక కళాశాలలో చేరెను. అచటి సహాధ్యాయులలో జాన్ రీత్ అను యువకుడుండెను. తరువాతి కాలమున బ్రిటిషు రేడియో సంస్థయగు బి.బి.సి.కి అధిపతియై, బెయిర్డ్ భవితవ్యము ఏ సంస్థ చేతిలోనుండెనో దానిని నడపినవాడు ఈ రీత్ మహాశయుడే. కళాశాల పిమ్మట బెయిర్డ్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరెనుగాని, 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఆ చదువు మధ్యలో నిలిచినది. మరల దానిని అతడు ముట్టలేదు. సైన్యములో చేరబోగా దేహదార్ఢ్యము చాలదని త్రిప్పి పంపిరి. అంతట ఒక విద్యుత్ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగమున కుదురుకొనెను. అచట నుండగా బొగ్గుజాతి పదార్థమునుండి వజ్రములు చేయవలెనన్న ఆశతో అమితమైన విద్యుత్తును ఒక్కమారుగా ప్రవహింపజేసి, నగరములో కొంతభాగమునకు దీపములు ఆరిపోవునట్లు చేసెను. వజ్రములు రాలేదు, పైవారి ఆగ్రహము మాత్రము వచ్చినది.

వ్యాపారములు, వైఫల్యములు

ఎల్లప్పుడును చల్లబడిపోవు తన పాదముల బాధనుండియే అతనికి ఒక వ్యాపారము తోచినది. మేజోళ్ళ లోపల ధరించు ఒకవిధమైన లోమేజోళ్ళను తయారుచేయించి అమ్మెను. దానివలన కొంత ధనము చేకూరినది. అంతలో జబ్బుపడెను. చలిదేశము తనకు పడదని తలచి 1919లో వెస్టిండీసులోని ట్రినిడాడ్ ద్వీపమునకు పోయెను. అచట పండ్లును చక్కెరయు చవుక గదా యని జామ్ తయారుచేయుట కారంభించెను. పురుగులును జ్వరములును ఆ పని సాగనీయలేదు. తిరిగి లండను చేరి సబ్బుల వ్యాపారము చేసెను. మరల ఆరోగ్యము చెడినది.

1923వ సంవత్సరమున, ముప్పదినాలుగేండ్ల వయస్సున, ఉద్యోగము లేక, వ్యాపారము లేక, గాలిమార్పు కొరకు ఇంగ్లండు దక్షిణతీరముననున్న హేస్టింగ్సు పట్టణము చేరుకొనెను. లోకదృష్టిలో అతడు విఫలుడైన మనుష్యుడు. అతని అసలు కథ ఆ స్థితిలోనే ప్రారంభమగుచున్నది.

చిల్లుల పళ్ళెము

దూరముననున్న దృశ్యమును తీగమీదుగా పంపవలెనన్న ఊహ బెయిర్డుది కాదు. 1884లోనే జర్మనీలో పాల్ నిప్కో అను విద్యార్థి ఒక ఉపాయమును ఆలోచించి పేటెంటు పొందెను. ఒక గుండ్రని పళ్ళెమునకు నత్తగుల్ల మెలికవలె లోనికి జరుగుచుపోవు వరుసలో చిల్లులు పెట్టవలెను. పళ్ళెము తిరుగునపుడు ఒక్కొక్క చిల్లు దృశ్యముపై ఒక్కొక్క సన్నని పేలికను గీచినట్లు నడచును. ఆ చిల్లునుండి వచ్చు వెలుతురు కాంతివిద్యుత్ ఘటముపై పడగా, వెలుతురు హెచ్చుతగ్గులు విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మారును. ఆవలిచివర ఆ విద్యుత్తు ఒక దీపపు వెలుతురును హెచ్చుతగ్గులు చేయును. ఆ దీపము ముందర మొదటిదానితో సరిసమానముగా తిరుగు రెండవ పళ్ళెమునుండి చూచినచో, పేలికలన్నియు తమతమ స్థానములలో చేరి దృశ్యము ఏర్పడును.

పేలికలు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చినను కంటికి ఒక్కసారిగా ఎట్లు కనబడును? కొరవిని గిరగిర త్రిప్పినపుడు నిప్పుకణము స్థానే అగ్నివలయము కనబడును. దీనినే మనవారు అలాతచక్రమనిరి. కంటిలో పడిన ముద్ర క్షణకాలము నిలుచుటయే దీనికి కారణము. ఆనాటి టెలివిజన్ అంతయు ఈ కొరవి తంత్రముపైననే నిలిచియుండెను.

నిప్కో ఊహ కాగితముపై ఉండిపోయినది. ఆ కాలమున బలహీనమైన విద్యుత్తును పెంచు సాధనములు లేవు. బెయిర్డ్ నాటికి రేడియో వాల్వులు వచ్చినవి. కాని వానిని కొనుటకు అతని చేతిలో డబ్బు లేదు. టీ ఆకు వచ్చు పాత చెక్కపెట్టె, టోపీ పెట్టె, మేజోళ్ళు కుట్టు సూదులు, సైకిలు దీపముల కటకములు, లక్క, జిగురు, దారము, ఇవియే అతని సామగ్రి. ఈ సరంజామాతో 1924 ప్రారంభమునకు ఒక శిలువ ఆకారపు నీడను కొన్ని అడుగుల దూరము పంపగలిగెను. ఆ యేడు జూలైలో వేయి వోల్టుల విద్యుదాఘాతము తగిలి క్రింద పడిపోయెను. చేయి కాలినదిగాని ప్రాణము దక్కినది. ఇంటి యజమాని మాత్రము గది ఖాళీ చేయుమనెను.

నీడనుండి ముఖమునకు

లండనులో సోహో ప్రాంతమున, ఫ్రిత్ వీధిలోని 22వ నంబరు ఇంటి మేడమీద రెండు చిన్నగదులు అద్దెకు దొరికినవి. 1925 మార్చిలో సెల్‌ఫ్రిడ్జ్ అను పెద్ద దుకాణమున మూడు వారములు తన యంత్రమును ప్రదర్శించి కొంత ధనమార్జించెను. జనులు వరుసలు తీరి చూచిరి. వారికి కనబడినవి నీడలు మాత్రమే. నీడకును ముఖమునకును చాల దూరము గలదు. నీడలో నలుపు, తెలుపు అను రెండే యుండును. ముఖములో వెలుగునీడల తరగతులు అనేకములు.

ఎవరైన యెదుట కూర్చున్న కదా ముఖమును పంపుట? ప్రకాశమైన దీపముల వేడికి మనుష్యుడు తాళలేడు. కావున మాటలాడు బొమ్మల ఆటలో వాడు ఒక బొమ్మ తలను ఎదుట పెట్టుకొని బెయిర్డ్ నెలల తరబడి శ్రమించెను. ఆ బొమ్మకు స్టూకీ బిల్ అని పేరు. 1925 అక్టోబరు 2వ తేదీన ఆ బొమ్మ ముఖము వెలుగునీడలతో సహా తెరపై స్పష్టముగా తేలినది. సంతోషము పట్టలేక అతడు క్రింది అంతస్తునకు పరుగెత్తి, ఒక ఆఫీసులో పనిచేయుచున్న విలియం టేంటన్ అను కుఱ్ఱవానిని పిలుచుకొనివచ్చి యంత్రము ముందు కూర్చుండబెట్టెను. ఆ వేడికి వాడు వెనుకకు జరుగగా, చేతిలో అర్ధక్రౌను నాణెము పెట్టి మరల కూర్చుండజేసినట్లు చెప్పుదురు. ఆ విధముగా టెలివిజన్ తెరపై స్పష్టముగా కనబడిన మొదటి మనుష్యుడు ఇరువదేండ్ల ఆఫీసు కుఱ్ఱవాడు.

1926 జనవరి 26వ తేదీ సాయంకాలము రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులును, టైమ్స్ పత్రికా విలేఖరియు ఫ్రిత్ వీధి మేడ యెక్కిరి. గది చిన్నది కావున కొందరు కొందరుగా లోనికి పోయి చూచిరి. చిత్రము మసకగా, వణకుచు కనబడినది. అయినను ఎదుటి గదిలోని మనుష్యుని కదలికలను, ముఖభావములను వారు గుర్తింపగలిగిరి. టెలివిజన్ చరిత్రకు ఆ దినము ప్రారంభదినముగా పరిగణింపబడుచున్నది.

పిమ్మట మూడేండ్లు బెయిర్డ్ జీవితమున విజయపరంపర. 1927లో లండనునుండి గ్లాస్గోకు, 438 మైళ్ళ దూరము, టెలిఫోను తీగపై చిత్రమును పంపెను. 1928 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మహాసముద్రము దాటించి న్యూయార్కు సమీపమునకు పంపెను. అదే యేడు జూలై 3వ తేదీన రంగుల చిత్రమును ప్రదర్శించెను. 1931లో మార్గరెట్ ఆల్బూ అను పియానో విదుషీమణిని వివాహమాడెను. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి.

ముప్పది గీతల ప్రసారములు

1929 సెప్టెంబరు 30వ తేదీన బి.బి.సి. ట్రాన్స్‌మిటర్లనుండి బెయిర్డ్ ప్రయోగాత్మక ప్రసారములు ఆరంభమైనవి. చిత్రమునకు గీతలు ముప్పది, క్షణమునకు చిత్రములు పన్నెండున్నర. ముప్పదియే యేల యని విద్యార్థు లడుగవచ్చును. లెక్క సులభము. ముఖమునకు అనువుగా అతని చిత్రము వెడల్పు మూడు, ఎత్తు ఏడు పాళ్ళలో నిలువుగా ఉండెడిది. నిలువు గీతలు ముప్పదియైన, ఒక్కొక్క గీతలో డెబ్బది చుక్కలు. మొత్తము చుక్కలు 2,100. క్షణమునకు పన్నెండున్నర చిత్రములైన చుక్కలు 26,250. ధ్వనికొరకు ఏర్పడిన ఆనాటి రేడియో మార్గములో ఇంతకుమించి ఇమడదు. ఇరుకు సందులో ఏనుగును నడుపలేము కదా! అందుచే బెయిర్డ్ ఆ సందునకు తగిన పిల్ల ఏనుగును ఎంచుకొనెను.

టెలివైజర్ అను పేర అతని కంపెనీ అమ్మిన పెట్టెలో కనబడు చిత్రము అరచేతిలో ఇముడునంతటిది. నియాన్ దీపము వలన చిత్రము నారింజపండు వన్నెలో ఉండును. అందు ఒక్క ముఖము చక్కగా పట్టును. ఇద్దరు మనుష్యులు నిలిచినచో ఎవరెవరో పోల్చుట కష్టము. 1930 జూలైలో పిరాండెల్లో నాటక మొకటి ఈ ముప్పది గీతలలోనే ప్రసారమైనది. 1931లో ఎప్సమ్ గుఱ్ఱపుపందెమును చూపిరి. చూచినవారు మెచ్చుకొనిరి. గుఱ్ఱములు నీడలవలె పరుగెత్తినను, తమ గదిలో కూర్చుండి పందెమును చూచుటయే ఆనాడు గొప్ప వింత.

ఇచ్చట మానవదృష్టియొక్క ఒక రహస్యము కలదు. కదలని చిత్రముగా చూచినచో ముప్పది గీతల ముఖము మచ్చలగుంపు. కదలుచున్నపుడు అదియే ముఖముగా తోచును. తల త్రిప్పుట, కనురెప్ప వేయుట, నోరు కదలుట మొదలగువానిని పట్టుకొని మన మనస్సు లేని వివరములను పూరించుకొనును. ముగ్గు వేయువారు చుక్కలు పెట్టినంతనే పద్మమో నెమలియో మనకు స్ఫురించునట్లే ఇదియును. బెయిర్డ్ తొలి విజయములో సగము అతని యంత్రముదైన, సగము చూపరి మనస్సుది.

రెండు వందల నలుబదియా, నాలుగు వందల ఐదా?

వింత ఎంతకాలము వింతగా నిలుచును? 1934లో బ్రిటిషు ప్రభుత్వము సెల్స్‌డన్ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. 240 గీతలకు తక్కువకాని చిత్రములను క్షణమునకు 25 చొప్పున చూపవలెనని ఆ సంఘము 1935 జనవరిలో నిర్ణయించినది. ముప్పది గీతల ప్రసారము ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆగిపోయినది.

బెయిర్డ్ కంపెనీ 240 గీతలకు సిద్ధమైనది. కాని అప్పటికే ఆ కంపెనీపై బెయిర్డుకు అధికారము జారిపోయినది. ధనము పెట్టిన పెద్దల నిర్ణయములే అచట చెల్లుచుండెను. ఎదుటిపక్షమున మార్కొనీ-ఇ.ఎమ్.ఐ. కంపెనీ నిలిచినది. దాని పరిశోధనాధిపతి ఐజాక్ షోన్‌బర్గ్ ధైర్యశాలి. 243 గీతలతో ప్రారంభించిన తన బృందమును ఒక్కమారుగా 405 గీతలకు ఉరికించెను. 405 అను అంకె వింతగా తోచవచ్చును. నాలుగు మూళ్ళను, ఒక అయిదును గుణించిన 405 వచ్చును. చిన్న చిన్న బేసి అంకెలచే భాగింపబడు సంఖ్య యగుటచే ఆనాటి విద్యుత్ సాధనములకు ఈ లెక్క అనుకూలించినది. ఇంతేగాక ఆ బృందము మరియొక యుక్తి పన్నినది. ఒక చిత్రమును రెండు భాగములు చేసి, ముందు బేసిగీతలను, తరువాత సరిగీతలను పంపుట. దీనివలన తెర క్షణమునకు 25 మారులకు బదులు 50 మారులు వెలుగును.

1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా పాలెస్‌నుండి ప్రసారములు ప్రారంభమైనవి. మొదటి వంతు ఎవరిదని నాణెమెగురవేయగా బెయిర్డ్ పక్షము గెలిచినది. ఒక వారము ఒకరి పద్ధతి, మరు వారము మరొకరి పద్ధతిగా ప్రసారము జరుగవలెనని ఏర్పాటు. రెండింటిని పట్టగల పెట్టెలను ప్రజలు కొనిరి. లోకచరిత్రలో సామాన్య చూపరి ముంగిట జరిగిన మొదటి గీతల పోటీ యిది.

పోటీ సమానమైనది కాదు. మార్కొనీ పక్షమువారి ఎమిట్రాన్ కెమెరాను చక్రములపై త్రోయవచ్చును, తోటలోనికి తీసికొనిపోవచ్చును. బెయిర్డ్ పక్షమువారు స్టూడియో దృశ్యమును ముందు సినిమా ఫిల్ముపై తీసి, యంత్రములోనే కడిగి, తడి ఆరకముందే గీతలుగా మార్చి పంపుచుండిరి. నటుడు మాటలాడిన సుమారు ఒక నిమిషమునకు గాని అది చూపరిని చేరదు. ఆ కెమెరా నేలకు బిగింపబడియుండెను. ప్రకటనలు చదువువారు చీకటిగదిలో ముఖమునకు దట్టముగా రంగు పూసికొని కూర్చుండవలసి వచ్చెను. ఇట్టి స్థితిలో 1936 నవంబరు 30వ తేదీ రాత్రి క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదమున కాలిపోగా, అచటనున్న బెయిర్డ్ కంపెనీ ప్రయోగశాలలలో అధికభాగము బూడిదయైనది.

1937 ఫిబ్రవరిలో తీర్పు వెలువడినది. ఇకపై 405 గీతల పద్ధతియే నిలుచును. బెయిర్డ్ పద్ధతిలో చివరి ప్రసారము అంతకుముందు నెలతోనే ముగిసిపోయినది.

కన్ను ఏమి చెప్పును?

ఈ తీర్పులో గీతల సంఖ్యకు గల పాలెంత? ఇది లెక్కవేసి చూడదగిన విషయము. మంచి చూపుగల కన్ను డిగ్రీలో అరువదవవంతు కోణమును వేరుచేసి చూడగలదు. 1862లో నేత్రవైద్యుడు స్నెల్లెన్ ఏర్పరచిన అక్షరముల పట్టిక ఈ లెక్కపైననే ఆధారపడినది. దీని ప్రకారము ఒక మిల్లీమీటరు ఎడముగల గీతలు సుమారు మూడున్నర మీటర్లు, అనగా పదకొండడుగులు దాటినచో ఒకదానిలో ఒకటి కలిసిపోవును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. తెల్లకాగితముపై ఒక మిల్లీమీటరు మందముగల నల్లగీతలను ఒక మిల్లీమీటరు ఎడముతో గీచి గోడకంటించి, బాలురను వెనుకకు నడువమనవలెను. ఏ అడుగున గీతలు మాయమై బూడిదవన్నె మిగులునో ప్రతివాడును తన కంటితో తెలిసికొనును. కొందరికి త్వరగా మాయమగును, చురుకుచూపు గలవారికి మరికొన్ని అడుగుల తరువాత. దూరపు కొండలు నునుపు అను సామెతలోని శాస్త్రము ఇదియే.

1936 నాటి మంచి పెట్టెలలో చిత్రము ఎత్తు సుమారు ఎనిమిది అంగుళములు. అందు 240 గీతలున్నచో, చూపరి తొమ్మిదిన్నర అడుగుల దూరము జరిగినగాని అవి కలిసిపోవు. 405 గీతలైన ఆరడుగులకే కలిసిపోవును. కావున ఆరడుగులకును తొమ్మిదిన్నర అడుగులకును నడుమ కూర్చున్నవానికి భేదము తెలియును. ఆరడుగులలోపల కూర్చున్నవానికి రెండింటను గీతలు కనబడును, అయినను ఒకటి ముతకనేత, ఒకటి సన్ననేత. పదడుగుల ఆవల కూర్చున్నవానికి గీతల దృష్ట్యా రెండును ఒకటే.

అయితే ఆ పదడుగుల ఆవలివాడు కూడ రెండు పద్ధతులను సులభముగా వేరుచేసి చెప్పగలిగియుండును. బెయిర్డ్ పద్ధతిలో తెర క్షణమునకు 25 మారులు మాత్రమే వెలిగెడిది. ఆ మినుకు ఎంతదూరమునుండియైనను కంటిని బాధించును. వెలుగు పెంచినకొలది బాధయు పెరుగును. సినిమాలో క్షణమునకు 24 చిత్రములే అయినను, ఒక్కొక్క చిత్రమును రెండుమారులు వెలిగించుట ఈ మినుకును పోగొట్టుటకే. అనగా చూపరి గుర్తించిన భేదములో గీతలపాలు కొంత, మినుకుపాలు కొంత, కెమెరా చలనముపాలు కొంత. అంకెలు మాత్రము పత్రికలలో గీతలవిగా నిలిచిపోయినవి.

చివరి దినములు

ఓటమి పిమ్మట బెయిర్డ్ చేతులు ముడుచుకొనలేదు. 1938 ఫిబ్రవరిలో లండనులోని డొమినియన్ నాటకశాలలో పండ్రెండడుగుల వెడల్పుగల తెరపై 120 గీతల రంగుల చిత్రమును ప్రేక్షకులకు చూపెను. 1939 సెప్టెంబరు 1వ తేదీన యుద్ధభయముచే బి.బి.సి. టెలివిజన్ మూతపడినది. కంపెనీ దివాలా తీసినది. భార్యాబిడ్డలు దూరప్రాంతమున తలదాచుకొనిరి. సిడెన్‌హామ్‌లోని తన యింట, బాంబులు పడుచున్న లండనులో, బెయిర్డ్ స్వంతధనముతో ప్రయోగములు సాగించెను. ఒకనాడు తిరుగుడు పళ్ళెములను పట్టుకొని వ్రేలాడెనని విమర్శింపబడిన ఆ మనుష్యుడే ఇప్పుడు విద్యుత్కణముల మార్గమునకు వచ్చెను. 600 గీతల రంగుల చిత్రమును సాధించెను. 1944 ఆగస్టు 16వ తేదీన టెలిక్రోమ్ అను చిత్రనాళమును విలేఖరులకు చూపెను. తిరుగు చక్రము లేవియు లేకుండ, రెండువైపుల రెండు వన్నెలు పూసిన పలుచని పలకపై రంగుల చిత్రమును ఏర్పరచు నాళమది.

యుద్ధానంతరము టెలివిజన్ ఎట్లుండవలెనో ఆలోచించుటకు హ్యాంకీ ప్రభువు సంఘము కూర్చున్నపుడు, వేయి గీతల రంగుల చిత్రమును లక్ష్యముగా పెట్టుకొనుడని బెయిర్డ్ వాదించెను. 405తో మరల ప్రారంభించి, వేయి గీతలవైపు పరిశోధనలు సాగవలెనని సంఘము సూచించినది. ముప్పది గీతలతో బయలుదేరినవాడు ఇరువదేండ్లలో వేయి గీతలను కలగనెను. ఆ కల పండుటను చూచు ఆయుర్దాయము అతనికి లేకపోయెను. 1946 ఫిబ్రవరిలో పక్షవాతము వచ్చినది. జూన్ 7వ తేదీన బి.బి.సి. టెలివిజన్ తిరిగి ప్రారంభమైనది. సరిగా వారము దినములకు, జూన్ 14వ తేదీన, బెక్స్‌హిల్ అను సముద్రతీరపు ఊరిలో బెయిర్డ్ నిద్రలోనే కన్నుమూసెను. వయస్సు ఏబదియేడేండ్లు. హెలెన్స్‌బరో శ్మశానవాటికలో తల్లిదండ్రుల చెంత అతనికి సమాధి కట్టిరి.

అతని తరువాత

అతనిని ఓడించిన 405 గీతల పద్ధతి బ్రిటనులో 1985 జనవరివరకు బ్రతికినది. భారతదేశమున 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజన్ వచ్చినది. మనదేశము అనుసరించినది 625 గీతల పద్ధతి. జపానులో ఎన్.హెచ్.కె. సంస్థ 1960ల మధ్యనుండి చేసిన పరిశోధనలు 1,125 గీతల చిత్రమునకు దారితీసినవి. తెర ఎత్తునకు మూడురెట్ల దూరమున కూర్చున్న చూపరిని మనస్సులో పెట్టుకొని వారు లెక్కలు కట్టిరి. నేటి తెరలలో వరుసలు 1,080, 2,160, 4,320 వరకు పోయినవి.

వీనిలో భేదము మనకు తెలియునా? బెయిర్డ్ కాలపు లెక్కయే చాలును. ఏబది అంగుళముల తెర ఎత్తు సుమారు రెండడుగులు. 1,080 వరుసలైన ఆరున్నర అడుగులకే చుక్కలు కలిసిపోవును. 2,160 వరుసల మేలు పూర్తిగా అనుభవింపవలెనన్నచో మూడడుగులకు పైచిలుకు దూరమున కూర్చుండవలెను. తొమ్మిదడుగుల ఆవల సోఫాలో కూర్చున్న గృహస్థునకు సాధారణ చూపుతో ఈ రెండింటి భేదము తెలియుట అరుదు. తెర పెద్దదైనను, చూపరి దగ్గరకు జరిగినను, అతని చూపు మిక్కిలి చురుకైనదైనను భేదము పైకి వచ్చును. క్రొత్త తెరలు మెరుగుగా తోచినచో ఆ మెరుగులో రంగులకును, వెలుగునీడల విస్తృతికిని, ప్రసారపు నాణ్యతకును గల పాలును విడదీసి చూడవలెను. 1936లో గీతల వెనుక మినుకు దాగినట్లే, నేడు అంకెల వెనుక ఈ గుణములు దాగియున్నవి.

బెయిర్డ్ 1927, 28 సంవత్సరములలో తన చిత్రసంకేతములను కొన్ని గ్రామఫోను పళ్ళెములపై ముద్రించి యుంచెను. ఆనాడు వానిని తిరిగి చిత్రముగా చూచుట సాధ్యము కాలేదు. 1980ల తరువాత ఇంజనీరు డొనాల్డ్ మెక్లీన్ కంప్యూటర్ల సాయముతో ఆ పళ్ళెములనుండి చిత్రములను వెలికితీసెను. వణకు సర్దుకొనిన ఆ ముప్పది గీతలలో బొమ్మ తలయు, మనుష్యుల ముఖములును కదలుచు కనబడినవి. బెయిర్డ్ పంపినది ఆనాటి పెట్టెలలో కనబడినదానికంటె మేలైనదని దానివలన తెలిసినది.

గీతల సంఖ్యలో బెయిర్డ్ ఓడెను. అతని పళ్ళెము లేవియు నేటి టెలివిజన్‌లో లేవు. అయినను ఇది సాధ్యమని లోకము నమ్మినది అతని చిత్రమును చూచిన పిమ్మటనే. పేదరికమున, అనారోగ్యమున, పనికిరాని వస్తువులను కూర్చుకొని పనిచేసిన పట్టుదల విద్యార్థులు అతనినుండి గ్రహింపదగినది. అంతకంటెను గ్రహింపదగినది మరియొకటి గలదు. ఓడిన పద్ధతిని విడిచి, తనను గెలిచిన పద్ధతిని నేర్చి, దానిలో మరల ముందడుగు వేయుట. ఏబదియేండ్లు దాటిన వయస్సున, సొంత ఖర్చుతో, బాంబుల నడుమ ఆ పని చేయగలిగినవారు అరుదు.